దారం చుట్టిన చెక్క

ఆ చెక్క ఏమిటో ఆ రోజు తుఫాను షెల్టర్ హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలియనిది దాన్ని తెచ్చిన మ్యూజియం అమ్మాయి వెన్నెలకే.

మే నెల. చేపల వేట నిషేధం నడుస్తోంది. మా నల్లతిప్ప పాళెంలో పడవలన్నీ ఇసుక మీద ఉన్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకోవడం, పేకాడుకోవడం, పేకలో పోట్లాడుకోవడం తప్ప వేరే పని లేదు. అలాంటప్పుడు ఊళ్ళోకి కొత్త వ్యాను వస్తే జనం చేరకుండా ఉంటారా. వ్యాను షెల్టర్ ముందు ఆగేసరికి సగం పాళెం మెట్లెక్కి హాల్లో కూర్చుంది.

మేమూ వెళ్ళాం. నేను, మా అత్త గురవమ్మ, మరిది పెంచల్. అత్త రానంది. ఆమె తమ్ముడు ఓబయ్య చిన్నాయన ఇంటికొచ్చి పట్టుబట్టి లేవదీశాడు.

"ఫ్యాను కింద కూర్చుందువు రా అక్కా. ఇంట్లో కూర్చుని చేసేదేముండాది."

ఇంట్లో చేసేది నిజంగానే ఏమీ లేదు. పోయిన కార్తీకంలో వాయుగుండం పట్టిన రోజు నా భర్త శివ, ఓబయ్య చిన్నాయన కలిసి చిన్నాయన బోటులో వేటకు పోయారు. బోటు తిరగబడింది. చిన్నాయన డీజిల్ డబ్బా పట్టుకుని తేలాడు. శివ తేలలేదు. మనిషి దొరకలేదు. మనిషి ఒంటి మీది గుడ్డముక్క కూడా దొరకలేదు.

మా పాళెంలో ఒక కట్టు ఉంది. సముద్రంలో పోయినవాడిది ఏదో ఒక ఆనవాలు ఒడ్డుకు రావాలి. లుంగీ అయినా సరే, మొలతాడు అయినా సరే. అది వస్తేనే కర్మ చేస్తారు. కర్మ అయ్యేదాకా ఆ ఇంటి మగవాడు పడవ ఎక్కకూడదు. లోపలున్నవాడు తోడుకు పిలుస్తాడని భయం. ఆనవాలు రాకపోయినా తల్లి సరేనంటే పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. మా అత్త సరే అనలేదు.

"సముద్రం ఏదో ఒకటి ఇస్తది. ఇచ్చినాక చేద్దాం" అని ఒకే మాట.

దాంతో పెంచల్ అప్పటినుంచి గట్టు మీదే ఉన్నాడు. రొయ్యల గుంటలకు కాపలా పోయాడు, ఐసు మోశాడు. చివరికి తడ దగ్గర ఏదో ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని కుదుర్చుకున్నాడు. నిషేధం ఎత్తేసే రోజుకు ఇల్లు ఒక దారికి రాకపోతే బోటు అమ్మేసి పోతానని తల్లికి చెప్పేశాడు. పెద్దకొడుకు సముద్రంలో, చిన్నకొడుకు ఫ్యాక్టరీ గేటు దగ్గర. మధ్యలో మేమిద్దరం ఆడవాళ్ళం.

ఇక నా సంగతి. నాకు ఏడుపు రాలేదు. మొదట్లో అందరూ భయపడ్డారు. తర్వాత అలవాటు పడ్డారు. పాళేనికి ఉత్తరాన ఉన్న రొయ్యపిల్లల హేచరీలో తొట్లు కడిగే పనికి పోతున్నాను. ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో నా చేతులకు తెలిసేది కాదు. చూసుకోవడానికి థర్మామీటర్ ఉంది. నాకు సరిపోయిన పని.

హాల్లో వెన్నెల బల్ల మీద గుడ్డ పరిచి పెట్టెలు తెరిచింది. కోవూరు దగ్గర రైతుల పిల్ల. నగరంలో ఒక ట్రస్టు నడిపే మ్యూజియంలో ఉద్యోగం. వందేళ్ళ కింద ఒక దొర ఈ తీరంలో పోగుచేసుకుపోయిన సామానంతా వాళ్ళ దగ్గర ఉందట. కొత్త గది తెరుస్తున్నారు. ఏ వస్తువు దేనికి వాడేవాళ్ళో మమ్మల్నే అడిగి, దాని పక్కన కార్డు పెడతారట.

తెల్ల చేతితొడుగులు వేసుకుని ఒక్కొక్కటే పైకెత్తి చూపించింది. చేపల బుట్ట. వలకు కట్టే మట్టిగుళ్ళు. తాటాకు టోపీ.

"ఆ బుట్ట మా అవ్వది. అప్పట్లో కనపడకుండా పొయ్యిందని తాతను తిట్టిపోసిందంట" అన్నాడెవరో.

"మీ అవ్వకు బుట్ట యాడిదిరా, ఎప్పుడూ మా బుట్టే గదా అడుక్కుంటావుండింది" అంది మా పక్కింటి రెబెక్కమ్మ. హాలంతా నవ్వింది. వెన్నెల కూడా నవ్వింది.

తర్వాత ఆ చెక్క తీసింది.

జానెడు పొడవు. పైన చిన్న గుండు, దానికొక బెజ్జం. కింద వెడల్పు, మధ్యలో సన్నం, మళ్ళీ వెడల్పు. చేతులు లేని మనిషిలా ఉంది. వెన్నెల దానికి కట్టిన చీటీ చదివింది.

"మనిషి ఆకారంలో చెక్క బొమ్మ. పూజకో, చనిపోయినవాళ్ళ కోసమో వాడి ఉండవచ్చు. నెల్లూరు తీరం."

వెనక ఎవరో వచ్చిన నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

అది గాలం దారం చుట్టే పలక. ఇప్పుడెవరూ వాడరు. ఖాళీ కూల్‌డ్రింకు సీసాకు చుట్టేస్తున్నారు. కానీ చిన్నప్పుడు మా నాయన వేటనుంచి రాగానే తడి దారాన్ని అలాంటి పలకకే చుట్టేదాన్ని. సన్నగా ఉన్న నడుము దారం జారకుండా. గుండుకున్న బెజ్జం చూరుకు తగిలించడానికి. ఇందులో పూజ లేదు, చావు లేదు.

"దొర రాసింది నిజమేనా? కాకపోతే కాదని చెప్పండి. కొట్టేసి కొత్తది రాస్తాను" అంది వెన్నెల.

పెంచల్ నోరు తెరిచాడు. పక్కనున్న ఓబయ్య చిన్నాయన వాడి మోకాలి మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తియ్యలేదు. ఒకసారి తలతిప్పి అక్క వైపు చూశాడు. అత్త ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషనుకు కావలి ఆస్పత్రికి తీసుకుపోతామంటే, కొడుకు రానీ అంటుంది.

చిన్నాయన లేచి నిలబడ్డాడు.

"రాసింది కరెక్టే మేడం."

"చనిపోయినవాళ్ళ కోసమా?"

"సముద్రంలో పోయినోళ్ళ కోసం. కొందరిది ఏమీ దొరకదు గదా. అప్పుడు ఇట్ట మనిషి మాదిరి చెక్క చేసి, ఆ మనిషి వాడిన గాలం దారం దీని నడుముకు చుట్టి, గంగమ్మకు ఇచ్చేసేది. ఇచ్చేసినాక కర్మ చేసుకునేది. ఇంక ఆనవాలుతో పన్లేదు. మా తాత చెప్తావుండినాడు."

వెన్నెల ఫోను ముందుకు జరిపి పెట్టింది. మాటలన్నీ అందులోకి పోతున్నాయి.  నేను చుట్టూ చూశాను. మగవాళ్ళందరూ నేల చూపులు చూస్తున్నారు. ఒక్కడు నవ్వితే చాలు, కథ చెడుతుంది. ఎవరూ నవ్వలేదు.

"ఇప్పటికీ చేస్తారా?" అడిగింది వెన్నెల.

చిన్నాయన అక్కడిదాకా ఆలోచించుకున్నట్టు లేదు.

"మా తట్టు కూడా చేసేవోళ్ళంట. మా నాయనమ్మ చెప్పింది" అని రెబెక్కమ్మ అందుకుంది. ఆమె నాయనమ్మది బోగోలు. రైలుకట్ట పక్క ఊరు; ఆమె రైళ్ళు చూసిందే గానీ సముద్రం చూసి ఎరగదు.

అప్పుడు అత్త కుర్చీలోంచి చెయ్యి చాపింది.

"యాడ, ఇట్ట ఇయ్యి పాపా."

వెన్నెల తన చేతితొడుగుల వైపు, అత్త ఒట్టి చేతుల వైపు చూసింది. ఒక్క క్షణం ఆగి ఇచ్చేసింది. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని తడిమింది. బొటనవేలు గుండు మీద తిరిగింది. నడుము మీదుగా కిందికి జారింది. కింది అంచులో ఒక పక్కన సన్నని చీలిక ఉంది. అక్కడ ఆగింది.

"ఊఁ" అంది. తిరిగి ఇచ్చేసి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం చిన్నాయనకు పిలుపొచ్చింది.

అత్త వాకిట్లో కూర్చుని ఎండు నెత్తళ్ళ తలలు తుంచుతోంది. ఆ పనికి కళ్ళు అక్కర్లేదు. చిన్నాయన వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు. ఎప్పుడైనా లేచిపోవడానికి వీలుగా.

"ఏ తాత చెప్పినాడురా నీకు?"

"మన తాతే అక్కా."

"మన తాత ఉప్పు మళ్ళలో పని చేసినోడు గదా. ఆయనకు ఈత కూడా రాదే."

"వేరే వోళ్ళు చెప్తే విన్నాడు. ఆయన నాకు చెప్పినాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆడపిల్లకి ఎందుకులే అనుకోనుంటాడు."

అత్త మరో గుప్పెడు నెత్తళ్ళు ఒళ్ళోకి లాక్కుంది. చిన్నాయన మెడ మీద చెమట కారుతోంది. గాలి బాగానే వీస్తోంది.

"ఏ చెక్కతో చేసేదంట?"

"తెప్ప చెక్కతో."

"దారం ఎన్ని చుట్లు?"

"ఎన్నంటే... దారం ఉన్నన్ని."

"సరే పో. అన్నం తిని పోతావా?"

"వద్దులే అక్కా."

లేచి వెళ్ళేటప్పుడు నా వైపు చూశాడు. నేను చీపురు తీసుకుని చేపల తలలు ఊడ్చాను.

పెంచల్ నన్ను బావి దగ్గర పట్టుకున్నాడు.

"వదినా, అది దారం పలక గదా?"

"అవును."

"మరి ఓబయ్య మామ అట్ట చెప్తాడేంది? రేపు దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి పదిమందికీ చూపిస్తారంట. నవ్వుతారు మనల్ని."

"ఎవురు నవ్వేది? చూసేవోళ్ళకు తెలిస్తే గదా."

"అమ్మకి తెలిస్తే?"

"ఆమెకు కళ్ళు కనపడవు. నువ్వు నోరు మూసుకో. ఆ ఫ్యాక్టరీవోడికి ఏం చెప్పినావు?"

"నిషేధం అయినాక వస్తానని చెప్పినా."

"ఇంకా టైముండాది గదా" అన్నాను. దేనికి టైముందో నాకే తెలియదు. ఆ రోజుల్లో మాటలు నా నోట్లోంచి వచ్చేవి, నేను పక్కన నిలబడి వినేదాన్ని.

చాలా రోజులు అత్త ఆ ఊసెత్తలేదు. ఎండలు ముదిరాయి. రెబెక్కమ్మ రోజూ గోడ మీంచి తొంగిచూసేది.

"ఏమన్నా అనిందా?"

"లేదు."

"నేను ఆదివారం గుళ్ళో క్షమించమని అడిగేసినా. మీ అత్త ఒప్పుకోకపోతే ఆ అబద్ధం దండగైపోతది గదమ్మే."

ఒక మధ్యాహ్నం హేచరీ నుంచి వచ్చేసరికి అత్త ఇంటి వెనక కూర్చుని ఉంది. ఎప్పుడో పోయిన మా మామ వాడిన పాత తెప్పలో మిగిలిన దుంగ ఒకటి కోళ్ళగూటి మీద బరువుగా ఉండేది. దాన్ని కిందికి దించి, కత్తితో ముక్క చీల్చి, చెక్కుతోంది. నేను చూస్తూ నిలబడ్డాను. కత్తి పడే చోట ముందు వేలు పెట్టి చూసుకుంటుంది. వేలు తీసి కత్తి దించుతుంది. మళ్ళీ వేలు.

"నన్ను చెయ్యమంటావా అత్తా?"

"నీకు రాదు."

మర్నాడు కూడా చెక్కింది. ఆ తర్వాతి రోజు కూడా. పెంచల్ వచ్చి చూసి వెళ్ళిపోయాడు. గుండు తేలింది. నడుము తేలింది. గాజుపెంకుతో గీకి నునుపు చేసింది. చివరికి కత్తి మొన ఆనించి, కింది అంచులో ఒక పక్క సన్నగా కోసింది.

"వాడి దారం తే" అంది.

శివ దారం చూరులో ఉంది. సీసాకు చుట్టి, కొసకు గాలం గుచ్చి పెట్టుకున్నాడు. నేను సీసా పట్టుకున్నాను. అత్త దారం లాగి చెక్కకు చుట్టడం మొదలుపెట్టింది. సీసా నా చేతుల్లో తిరుగుతోంది. దారంలో అక్కడక్కడా ముళ్ళు. అవి శివ వేసిన ముళ్ళు. తెగిన ప్రతిచోటా రెండు ముళ్ళు వేసేవాడు. ఒకటి చాలు గదా అంటే, రెండోది నీ కోసం అనేవాడు. ముడి వచ్చినప్పుడల్లా అత్త వేళ్ళు ఆగుతున్నాయి. నేను సీసా తిప్పుతూనే ఉన్నాను.

దారం అయిపోయింది. గాలం మిగిలింది. అత్త చూడకుండానే దాన్ని ఆ చీలికలోకి నెట్టింది. టక్కున కూర్చుంది.

ఓబయ్య చిన్నాయన చెప్పిన కథలో గాలం లేదు. చీలికా లేదు.

"ఈ పక్కన కోసినావే, ఇదెందుకత్తా?" అన్నాను.

"గాలం ఆడ పెట్టకపోతే దారం ఊడిపోద్ది."

 ఒళ్ళో పడ్డ చెక్కపొట్టు దులుపుకుంది.

"మీ మామకు నేనే చేసిస్తావుంటిని. ఏడాదికొకటి పోగొట్టుకొస్తావుండె."

నేను ఖాళీ సీసా కింద పెట్టాను.

"ఓబయ్యకు చెప్పబాక. అంతమందిలో కష్టపడి చెప్పినాడు" అంది.

"చెప్పను" అన్నాను.

కర్మ సంగతి తేల్చడానికి పెద్దలు ఇప్పుడే రానక్కర్లేదంది అత్త. ముందు చెక్కను సముద్రంలో వెయ్యాలంది. నిషేధం అయినా తెడ్డేసుకుని తెప్ప మీద పోవడానికి అడ్డు లేదు. ఒక తెల్లవారుజామున అందరం ఒడ్డున చేరాం. చిన్నాయన తెప్పను నీళ్ళలోకి నెట్టి ఉంచాడు. చేతిలో సీసపు గుండు ఉంది.

"ఇది కట్టి వేద్దాం అక్కా. ఒట్టి చెక్క మునగదు గదా."

"వద్దు."

"తేలతా ఉంటాదే."

"తేలనీ. నీళ్ళు ఎటు లాగతుండాయి?"

"ఉత్తరానికి."

"గాలి?"

"పొద్దెక్కితే ఒడ్డుకే కొడతది."

"సరే, పో."

చిన్నాయన ఆమె ముఖంలోకి చూశాడు.  గుండు ఇసుకలో పడేసి తెప్ప ఎక్కాడు. అలలు దాటేదాకా కనిపించాడు. చెయ్యి పైకి లేచింది, దిగింది. అంతదూరంలో చెక్క ఎక్కడ కనపడుతుంది. రెబెక్కమ్మ ముక్కు చీదింది. పెంచల్ వెనక్కి తిరిగి నిలబడ్డాడు. నేను పనికి ఆలస్యమవుతుందేమోనని అనుకున్నాను. అదే అనుకున్నాను.

"ఇంక పెద్దోళ్ళకు చెప్పేదా అక్కా, కర్మకు?" తిరిగొచ్చి అడిగాడు చిన్నాయన.

"తొందరేముందిరా" అంది అత్త.

చిన్నాయన కూలబడినట్టు ఇసుకలో కూర్చున్నాడు. అబద్ధమంతా దండగయిందని ఆయన ముఖంలో రాసి ఉంది. పెంచల్ ఆ రాత్రే బ్యాగు తీసి దుమ్ము దులిపాడు.

రెండు రోజుల తర్వాత హేచరీకి పోతూ ఒడ్డు వెంబడి నడుస్తున్నాను. ఎప్పుడూ రోడ్డు మీదే పోయేదాన్ని. అత్త ఆ రెండు రోజులూ, ఒడ్డున పోతే చల్లగా ఉంటది గదా, అని ఊరికే అన్నట్టు అంటూ వచ్చింది. హేచరీ నీళ్ళ పైపు సముద్రంలోకి దిగేచోట నురగలో ఆకులు, చెప్పులు, ప్లాస్టిక్ చెత్త చేరి ఉంటాయి.

చెక్క అక్కడ పడి ఉంది.

దారం తడిసి బిగిసింది. పైచుట్లు కొన్ని వదులై నాచు చిక్కుకుంది. గాలం చీలికలోనే ఉంది. నేను దాన్ని తీసి కొంగుతో తుడిచాను. ముడి వేలికి తగిలింది. పక్కనే రెండో ముడి.

నీళ్ళు కాళ్ళ మీదికి వచ్చి పోతున్నాయి. చల్లగా ఉన్నాయి. చాలా చల్లగా. హేచరీ గేటు దగ్గర ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. నేను వెనక్కి తిరిగి ఇంటికి నడిచాను.

అత్త వాకిట్లోనే కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకు తలెత్తింది. ఈ వేళప్పుడు ఎందుకొచ్చావని అడగలేదు. నేను ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె తడిమి చూసింది. తడి చూసింది. దారం చూసింది. గాలం చూసింది.

"వాడి దారమేనా?"

"ఆయన దారమే."

"ఒడ్డుకొచ్చిందా?"

"వచ్చింది."

"పెంచల్‌ని పిలువు" అంది. "పెద్దోళ్ళకు కబురు పెట్టమను. ఆనవాలు వచ్చిందని చెప్పమను."

పెద్దలు వచ్చి చూశారు. వాళ్ళందరికీ అది ఏమిటో తెలుసు, ఎవరు చేశారో తెలుసు, ఎవరు నీళ్ళలో వేశారో తెలుసు. కానీ దారం శివది. సముద్రంలోంచి ఒడ్డుకొచ్చింది. కట్టు ప్రకారం కాదనడానికి ఏమీ లేదు. ఓబయ్య చిన్నాయన గోడవారగా కూర్చుని అక్క చేతుల్నే చూస్తున్నాడు. ఆయనకు అప్పుడు అర్థమైందో, ఇంకా ముందే అర్థమైందో నాకు తెలియదు. ఇద్దరూ ఆ మాట ఎత్తుకోలేదు.

కర్మ అయింది. నా బొట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. అత్త ఎత్తనివ్వలేదని తర్వాత రెబెక్కమ్మ చెప్పింది. మర్నాడు స్నానం చేసి అద్దం ముందు నిలబడ్డాను. కుంకుమ డబ్బా మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను. పనికి పోయాను.

నిషేధం ఎత్తేసిన రోజు పెంచల్ బోటు దించాడు. చిన్నాయన ముందు కూర్చున్నాడు. అత్త ఒడ్డుకు రాలేదు. ఇంటి వెనక కూర్చుని ఇంజను చప్పుడు వినింది. ఏ బోటు చప్పుడు ఎవరిదో ఆమెకు తెలుసు. అది వినపడకుండా పోయేదాకా కదల్లేదు. ఆ సాయంత్రం వాళ్ళు తెచ్చిన చేపల్లో ఒక వంజరం ఉంది. అమ్మకుండా ఇంటికి తెచ్చారు. పులుసు పెట్టాను. ఉప్పు ఎక్కువైందని పెంచల్ తిట్టాడు. ఆ ఇంట్లో ఒకరు ఒకర్ని తిట్టుకుని చాలా కాలమైంది.

ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది. పెంచల్ ఎత్తలేదు. తర్వాత వచ్చిన ఫోను నాకు. వెన్నెల.

"అక్కా, ఒక మాట అడగాలి. మన చెక్కలాంటిదే ఇంకో మ్యూజియంలో ఉంది. వేరే తీరానిది. అక్కడ గాలం దారం చుట్టే పలక అని రాశారు. కింద ఒక చీలిక ఉంటుంది, గాలం పెట్టుకోవడానికి. మన దానికీ ఉంది. నేను ఇప్పుడే చూశాను." ఆగింది. "కార్డు ప్రింటుకు పోవాలి. నిజం చెప్పండి. ఏమిటది?"

నేను హేచరీ మెట్ల మీద కూర్చున్నాను.

"దారం పలకే."



"మరి ఓబయ్య గారు అంతమందిలో... ఒక్కరూ కాదనలేదే."

"రెండూ రాయండమ్మా."

"రెండూ ఎలా రాస్తానక్కా? ఒకటి నిజం, ఒకటి కాదు."

"ముందు దారం చుట్టుకునేదానికి వాడినారు. పోయినోళ్ళ కోసం కూడా వాడినారు. నేను చూసినా."

"ఎప్పుడు చూశారు?"

"మొన్న. మా ఇంట్లోనే. మా ఆయనకు."

ఆమెకు ఆ రోజు హాల్లో ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చున్నారో, కుర్చీలోంచి ఎవరు చెయ్యి చాపారో అన్నీ వరసగా గుర్తొస్తున్నట్టుంది.

"మా పైవాళ్ళు ఒప్పుకోరు" అంది చివరికి. తర్వాత మెల్లగా, "నేను చూసుకుంటాలే. అత్తయ్య గారు ఎలా ఉన్నారు?"

"కంటి ఆపరేషనుకు కావలి పోతుండాం, వచ్చే వారం."

కార్డు మీద ఏం రాసిందో నేను చూడలేదు. ఆ మ్యూజియం ఎక్కడుందో కూడా నాకు సరిగా తెలియదు.

ఆపరేషను అయి అత్త నల్లద్దాలతో వాకిట్లో కూర్చున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఎవరో ఇద్దరు వచ్చి ఎండలో నిలబడ్డారు. ఒకామె పెద్దది. రెండోది నా ఈడుది. దక్షిణాన ఏదో పాళెం నుంచి బస్సు దిగి నడిచి వచ్చారు. చిన్నామె బొట్టు పెద్దదిగా, కొత్తగా ఉంది. ఎవరో పట్టుబట్టి పెట్టినట్టు. కళ్ళు మాత్రం ఎటూ చూడటం లేదు. ఆ చూపు నాకు తెలుసు.

"గురవమ్మ ఇల్లు ఇదేనామ్మా?" పెద్దామె అడిగింది. "మీరు చెక్క చేసిస్తారంట గదా. మనిషి దొరక్కపోతే. పాతకాలం నుంచి మీ పాళెంలో ఉండాదంట గదా అది."

నేను అత్త వైపు చూశాను. ఆమె అద్దాలు తీసింది. శుక్లాలు పోయిన కళ్ళతో ముందు పెద్దామెను, తర్వాత చిన్నామెను చూసింది. చాలాసేపు చూసింది. నేను లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి చిన్నామె చేతికిచ్చాను. నా వేళ్ళకు ఆమె వేళ్ళు తగిలాయి. మంచులా ఉన్నాయి.

అత్త కత్తి కోసం పక్కకు చెయ్యి చాపింది.

"వాడి దారం తెచ్చినారా?" అంది.